కువైట్‌లో సమాచార విద్య - మన తెలుగు మాట

మన పిల్లల్లో కొందరు పైచదువులకు ఇండియాకో, కెనడాకో వెళ్లి "సమాచార శాస్త్రం" చదువుతున్నామని చెబుతున్నారు. ఇంట్లో పెద్దవాళ్లకు ఆ మాట కొరుకుడు పడదు. రాయచోటి ప్రాంతం నుంచి 1980లలో ఇక్కడకు వచ్చి, ఒక ఇంట్లో పనిచేసి, తరువాత కొడుకును రప్పించుకున్న ఒక పెద్దావిడ మా ఎదుటనే మనవడిని అడిగింది: "ఇంజనీరింగు తెలుసు, డాక్టరు చదువు తెలుసు. సమాచారం చదివేదేంది నాయనా? పేపరు చదివేదా?" ఆ కుర్రవాడు ఇంగ్లీషులో ఏదో చెప్పబోయి, తెలుగులో మాట దొరకక, నవ్వి ఊరుకున్నాడు.

ఆ అవ్వ ప్రశ్నకు జవాబు చెప్పాలన్న కోరికతోనే ఈ వ్యాసానికి పూనుకున్నాము. జవాబు వెతుక్కుంటూ అమెరికా దాకా పోనక్కరలేదు. మనం కాపురముంటున్న ఈ కువైట్‌లోనే ఆ విద్యకు అర్ధ శతాబ్దం దాటిన చరిత్ర ఉన్నది. పైగా ఆ చరిత్రలో మనవలెనే పొరుగు దేశం నుంచి జీతానికి వచ్చినవారి పాత్ర చాలా పెద్దది. అది చెబితే మన పిల్లలకు కొంత ధైర్యం కలుగుతుందని మా ఆశ.

ముందుగా పేరు సంగతి. "సమాచార సమాజం" అనే మాట వెనుక కంప్యూటర్ల కంటే ముందు ఆర్థికశాస్త్రం ఉన్నది. 1962లో ఫ్రిట్జ్ మాక్లప్ అనే ఆస్ట్రియా సంతతి పండితుడు అమెరికాలో జ్ఞానోత్పత్తికి, దాని పంపిణీకి ఎంత డబ్బు ఖర్చవుతున్నదో లెక్కవేశాడు. బడి, అచ్చాఫీసు, టపా, టెలిఫోను - ఇవన్నీ ఆయన లెక్కలో పరిశ్రమలే. మరుసటి ఏడే జపానులో ఉమెసావో తదావో సమాచార పరిశ్రమను గూర్చి వ్యాసం వ్రాశాడు. 1973లో డేనియల్ బెల్, 1980లో జపాను వాడే అయిన మసుదా యొనేజీ పెద్ద గ్రంథాలు వెలువరించారు. యంత్రయుగం తరువాత వచ్చేది ఈ కొత్త సమాజమేనని వారి వాదం. 1995లో ఫ్రాంక్ వెబ్‌స్టర్ అనే ఇంగ్లీషు ఆచార్యుడు ఈ సిద్ధాంతాలన్నింటినీ ఒకచోట పెట్టి పరీక్షించి, సమాచారం రాశి పెరిగినంత మాత్రాన సమాజం కొత్తదైపోతుందా అని నిలదీశాడు. ఊళ్లోకి వచ్చే ఉత్తరాలు రెట్టింపైతే ఊరు మారినట్లా? ఈ తగవు ఇప్పటికీ తెగలేదు, ఇక ముందు తెగుతుందని కూడా మాకు తోచదు. మాకు ముఖ్యంగా కనిపించే ప్రశ్న వేరు. ఆ సమాచారం ఎవరి భాషలో ఉన్నది? దానిని వరుసలో పెట్టినది ఎవరి చెయ్యి? ఈ ప్రశ్నకు కువైట్ ఇచ్చుకున్న సమాధానం మనం తెలుసుకోదగినది.

చమురు పడకముందు ఈ ఊరు ముత్యాలు, పడవలు, ఇండియా వర్తకం మీద బతికిన రేవు. బొంబాయి ధరలు తెలియడమే ఇక్కడి వర్తకుడికి సమాచారం. 1915లో ఇండియా తపాలా శాఖ వారే ఇక్కడ పోస్టాఫీసు తెరిచారు. 1923 నుంచి మన ఇండియా తపాలా బిళ్లల మీదనే "కువైట్" అని అదనంగా అచ్చువేసి అమ్మారు. స్వాతంత్ర్యం వచ్చిన 1961 వరకు ఇక్కడి బజారులో చెల్లినది రూపాయే. అంచేత ఇక్కడికి మన ఉత్తరం రావడం, మన డబ్బు వెళ్లడం అనేది చమురుతో మొదలైన సంగతి కాదు. వర్తకులు చందాలు వేసుకుని 1911లో ముబారకియా బడి పెట్టారు. 1958 డిసెంబరులో, ఇంకా స్వతంత్ర దేశం కాకముందే, "అల్ అరబీ" అనే మాసపత్రిక తీసి అరబ్బు దేశాలన్నింటికీ పంపారు. దాని తొలి సంపాదకుడు అహ్మద్ జకీ ఈజిప్టు రసాయన శాస్త్రజ్ఞుడు. ఒక చిన్న దేశం, పొరుగు దేశపు పండితుణ్ణి కూర్చోబెట్టి, తన భాష మాట్లాడే లోకమంతటికీ పత్రిక పంపడం - దీనిని గుర్తు పెట్టుకోమని పాఠకులకు మనవి. ఇదే పద్ధతి తరువాత మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

1966లో కువైట్ యూనివర్సిటీ ప్రారంభమైనది. 1967లో ఇక్కడ సముద్రంలో చమురు తీస్తున్న జపాను కంపెనీ, తన ఒప్పందంలోని బాధ్యతగా, శాస్త్ర పరిశోధనాలయాన్ని నెలకొల్పినది. 1969లో ఉమ్ అల్ ఐష్ ఎడారిలో ఉపగ్రహ భూకేంద్రం లేచినది.

ఇక అసలు కథకు వస్తాము.

అరబ్బీ మాటలు చాలామటుకు మూడు హల్లుల ధాతువు నుంచి పుడతాయి. క-త-బ అనే మూడు హల్లులను పట్టుకుంటే కితాబ్ అంటే పుస్తకం, కాతిబ్ అంటే వ్రాసేవాడు, మక్తబ్ అంటే ఆఫీసు, మక్తబా అంటే పుస్తకాలయం, మక్తూబ్ అంటే వ్రాయబడినది. కువైట్ వీధుల్లో తిరిగే మన పిల్లలకు మక్తబ్, మక్తబా బోర్డులు కొత్తవి కావు, వాటి తల్లి ఒకటేనన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. ఎనిమిదవ శతాబ్దంలో, ఇక్కడికి కూతవేటు దూరమనదగిన బస్రాలో, ఖలీల్ అనే మహా వైయాకరణుడు హల్లులను అటూ ఇటూ మార్చి పేర్చి, ఏ కూర్పు భాషలో ఉన్నదో, ఏది లేదో చూస్తూ అరబ్బీకి తొలి నిఘంటువు కట్టాడు. మన పాణిని సంప్రదాయంలో ధాతుపాఠం ఉన్నట్లే వారికీ ఆ తృష్ణ పాతదే.

1971 ప్రాంతంలో కువైట్ యూనివర్సిటీలో ఇద్దరు ఈజిప్టు ఆచార్యులు కలుసుకున్నారు. ఒకరు ఇబ్రహీం అనీస్, పేరు మోసిన భాషాశాస్త్రజ్ఞుడు. రెండవవారు అలీ హిల్మీ మూసా, భౌతికశాస్త్రం చెప్పే ప్రొఫెసరు. అరబ్బీ ధాతువులను కంప్యూటరు చేత లెక్కించవచ్చునా అని అనీస్ అడిగారు. లెక్కించవచ్చునని మూసా ఒప్పుకున్నారు. ఆనాటి యంత్రాలు ఇంగ్లీషు అక్షరాలకు, అంకెలకు పుట్టినవి. ఒక్కొక్క అరబ్బీ అక్షరానికి ఒక్కొక్క సంకేతం నిర్ణయించి, నిఘంటువులోని ధాతువులన్నింటినీ ఎక్కించవలసి వచ్చింది. జౌహరీ వ్రాసిన "సిహాహ్" నిఘంటువుతో మొదలుపెట్టారు. అందులో అయిదున్నర వేలకు పైగా ధాతువులు తేలినవి. తరువాత "లిసాన్ అల్ అరబ్" పట్టుకుంటే తొమ్మిది వేలు దాటినవి. 1973 నాటికి "తాజ్ అల్ అరూస్" కూడా అయినది. అందులో పన్నెండు వేలకు దగ్గరపడినవి. ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుంది, ఏ రెండు హల్లులు ఒక ధాతువులో పక్కపక్కన కూర్చోవు, మూడక్షరాల ధాతువులెన్ని, నాలుగక్షరాలవి ఎన్ని - పట్టికలు వెలువడినవి. ఖలీల్ చెవితో పట్టినదానిని యంత్రం అంకెలలో చూపించింది.

ఫిజిక్సు ప్రొఫెసరుకు నిఘంటువుతో పనేమిటని ఆ రోజుల్లో కొందరు అనుకునే ఉంటారు. సమాచార విద్య అన్నది సరిగ్గా అక్కడే పుట్టిందని మాకు తోస్తుంది. ఒకరికి ప్రశ్న తెలుసు, ఇంకొకరికి యంత్రం తెలుసు. ఇద్దరూ ఒకే కాంటీనులో కాఫీ తాగే చోటు దొరికింది.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పకుండా ఉండలేము. ఆ "తాజ్ అల్ అరూస్" కర్త ముర్తజా జబీదీ పుట్టినది ఉత్తర భారతంలోని బిల్‌గ్రామ్‌లో, పద్దెనిమిదవ శతాబ్దంలో. అంటే అరబ్బీ మహానిఘంటువుల్లో ఒకటి కట్టినవాడు మన దేశంలో పుట్టినవాడు. ఆ గ్రంథాన్ని పరిష్కరించి, 40 సంపుటాలుగా అచ్చు వేసినది కువైట్ ప్రభుత్వం. 1965లో మొదలైన పని 2001కి గాని ముగియలేదు. మధ్యలో యుద్ధం వచ్చిపోయినా దానిని వదిలిపెట్టలేదు.

1982లో మహమ్మద్ అల్ షారిఖ్ అనే కువైటీ "అల్ ఆలమియా" కంపెనీ పెట్టాడు. ఆయన ఆర్థికశాస్త్రం చదివి, ప్రపంచ బ్యాంకులోను, ఇక్కడి పారిశ్రామిక బ్యాంకులోను పెద్ద పదవులు చేసినవాడు, కథలు కూడా వ్రాసినవాడు. జపాను కంపెనీల యంత్రాలకు అరబ్బీ నేర్పించి "సఖ్ర్" పేరుతో ఇంటి కంప్యూటర్లు బజారులోకి తెచ్చాడు. సఖ్ర్ అంటే బండరాయి. టీవీకి తగిలించుకుంటే చాలు, తెర మీద కుడి నుంచి ఎడమకు అరబ్బీ అక్షరాలు కలిసిపోతూ నడిచేవి. హవల్లీ దుకాణాల్లో వాటిని చూస్తూ నిలబడిన రోజులు మాకు జ్ఞాపకమున్నవి. మేమూ ఒకటి పాతది కొన్నాము. మా పెద్దవాడు అలిఫ్, బా, తా లు దాని మీదనే నేర్చాడు. అ, ఆ లు నేర్పే యంత్రం ఆనాడు ఆ బజారులో మాకు దొరకలేదు. అప్పుడు అది లోపమని కూడా తోచలేదు, నిజం చెప్పాలి. కంప్యూటరుకు తెలుగు ఎందుకు అనుకున్నాము. ఇంట్లో మాట్లాడుతున్నాము గదా, అదే వస్తుందిలే అనుకున్నాము.

ఆ కంపెనీలో పరిశోధన నడిపినవారు నబీల్ అలీ. ఆయనా ఈజిప్టు వారే, విమానాల ఇంజనీరు, తరువాత కంప్యూటర్ల వైపు మళ్లిన మనిషి. ఆయన ఎదుర్కొన్న చిక్కు ఇది. అరబ్బీ వ్రాతలో హ్రస్వాచ్చులు సాధారణంగా వ్రాయరు. క-త-బ అని మూడు అక్షరాలు కనిపిస్తే "వ్రాశాడు" అని చదవవచ్చు, "వ్రాయబడింది" అని చదవవచ్చు, "పుస్తకాలు" అని కూడా చదవవచ్చు. చదివేవాడు వాక్యాన్ని బట్టి గ్రహిస్తాడు. యంత్రానికి గ్రహింపు లేదు, దానికి వ్యాకరణం నేర్పాలి. నేర్పబోతే, మనకు తెలుసుననుకున్న వ్యాకరణంలో ఎన్ని ఖాళీలున్నవో బయటపడుతుంది. మూర్ఖుడైన శిష్యుడు గురువుకు మేలు చేసినట్లన్న మాట! 1988లో ఆయన అరబ్బీ భాష, కంప్యూటరు అన్న అంశం మీద గ్రంథం వెలువరించారు.

ఆయన పేరు ఊరూరా తెలిసినది మాత్రం 1994 ఏప్రిలులో వచ్చిన "అరబ్బులు - సమాచార యుగం" అనే పుస్తకంతో. దానిని ప్రచురించినది కువైట్ సాంస్కృతిక మండలి. 1978 జనవరి నుంచి ఆ మండలి నెలకొక పుస్తకం చొప్పున, సామాన్యుడు కొనగలిగే వెలకు, "ఆలమ్ అల్ మారిఫా" అంటే జ్ఞాన ప్రపంచం అనే పేరుతో వెలువరిస్తూ వచ్చినది. ఆ వరుసను మొదలుపెట్టిన అహ్మద్ అల్ అద్వానీ కువైట్ జాతీయగీతం వ్రాసిన కవి. ఆయనకు తోడు నిలిచిన ఫువాద్ జకరియా ఇక్కడి యూనివర్సిటీలో తత్త్వశాస్త్రం చెప్పిన ఈజిప్టు ఆచార్యుడు. ఆ వరుసలో 184వ పుస్తకం నబీల్ అలీది. యంత్రాలు దిగుమతి చేసుకోవడం వేరు, సమాచార సమాజం కావడం వేరని ఆయన వాదం. దీనికి కేంద్రం భాష, దాని చుట్టూ విద్య, సంస్కృతి. ఇది ఇంజనీర్లకు వదిలేసే పని కాదు, భాషాపండితుడు, ఉపాధ్యాయుడు, గ్రంథాలయ నిర్వాహకుడు కూడా వచ్చి కూర్చోవాలి. 2001లో అదే వరుసలో అరబ్బు సంస్కృతిని, సమాచార యుగాన్ని కలిపి మరొక గ్రంథం వ్రాశారు. 2003లో జెనీవాలోను, 2005లో ట్యూనిస్‌లోను ప్రపంచ దేశాలు సమాచార సమాజం మీద మహాసభ పెట్టుకున్నప్పుడు భాషల వైవిధ్యం కూడా చర్చకు వచ్చింది. కువైట్ నుంచి వచ్చిన పుస్తకం ఆ మాటను దాదాపు పదేళ్ల ముందే అన్నది.

ఈ రెండు పుస్తకాల మధ్య కాదు, వాటికి ముందే పిడుగు పడింది. 1990 ఆగస్టు 2.

ఆ రోజులను గూర్చి మన సంఘంలో పెద్దలు ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఇక్కడ మా అంశానికి పట్టినంతే చెబుతాము. సమాచారం అంటే ఏమిటో ఆ ఏడు వారాల్లో, పది వారాల్లో తెలిసినంతగా ఏ పుస్తకమూ చెప్పలేదు. ఫోను పోయింది. ఉత్తరం పోయింది. ఊళ్లో అమ్మకు మనం బతికి ఉన్నట్లు తెలియదు. ముందు వెళ్లగలిగినవారి చేతికి చీటీలు వ్రాసి ఇచ్చాము. పేరు, తండ్రి పేరు, ఊరు, "క్షేమం" అన్న ఒక్క మాట. బస్రా, బాగ్దాదుల మీదుగా అమ్మాన్ చేరి, అక్కడ విమానం కోసం పడిగాపులు పడినవారికి జాబితాలో పేరుండటమే ప్రాణం. ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 వరకు 488 విమానాల్లో లక్ష మందికి పైగా జనాన్ని ఇండియా చేర్చారు. ఉమ్ అల్ ఐష్ భూకేంద్రం ధ్వంసమైనది. శాస్త్ర పరిశోధనాలయంలోను, యూనివర్సిటీలోను ఉన్న కంప్యూటర్లు, పరికరాలు, పుస్తకాలు లారీల్లో తరలిపోయినవి. సఖ్ర్ కంపెనీ కైరోకు మారింది.

మా గదిలో ఒక రేకు పెట్టె ఉండిపోయింది. అందులో పదేళ్ల ఉత్తరాలు, ఇంటి నుంచి వచ్చిన కాసెట్లు. మళ్లీ వచ్చి చూస్తే పెట్టె లేదు, గదికి తలుపు కూడా లేదు.

యుద్ధం తరువాత కువైట్ లేచిన తీరు చెప్పుకోదగినది. అమెరికా విద్యాసంస్థల ఇంటర్నెట్టుతో 1992లోనే సంబంధం కలుపుకున్నది. యూనివర్సిటీలో గ్రంథాలయ, సమాచార శాస్త్రాల్లో మాస్టర్స్ చదువు 1996లో మొదలైనది. అక్కడ పాఠం చెప్పిన ప్రముఖుల్లో సజ్జాద్ ఉర్ రెహ్మాన్ పాకిస్తాను నుంచి వచ్చినవారు. మళ్లీ అదే పద్ధతి, చూశారు గదా. డెబొరా వీలర్ అనే అమెరికా పండితురాలు ఆ దశకంలో ఇక్కడకు వచ్చి, కువైటీలు ఇంటర్నెట్టును ఎట్లా వాడుకుంటున్నారో దగ్గర నుంచి చూసి 2006లో పుస్తకం వెలువరించింది. యంత్రం వచ్చినంత మాత్రాన సమాజాలన్నీ ఒకే మూసలో పోసినట్లు మారవు, ఆ ఊరి ఆచారమే యంత్రం వాడుకను మలుస్తుందని ఆమె గ్రహించినది. దివానియాలో కూర్చునే మనిషి కంప్యూటరు ముందు కూడా దివానియా మనిషే. వలసవచ్చిన మనకు ఇది ఇంకా బాగా తెలుసు. ఫోను చేతికి వచ్చిన రోజు నుంచి మనవాళ్లు ముందుగా చేసిన పని, ఊళ్లో పెళ్లికి రాలేకపోయినా పెళ్లి చూడటం.

నబీల్ అలీకి, అలీ హిల్మీ మూసాకు 2012లో కింగ్ ఫైసల్ బహుమానం కలిపి ఇచ్చారు. అరబ్బీని కంప్యూటరుకెక్కించిన కృషికి గాను అది. ఇద్దరినీ కలిపిన ఊరు ఇది. నబీల్ అలీ 2016లో పోయారు. షారిఖ్‌కు అదే సంస్థ బహుమానం 2021లో దక్కింది. వెనుకటి అరబ్బీ సాహిత్య పత్రికల పుటలన్నీ ఒకచోట చేర్చి అందరికీ అందేటట్లు పెట్టించి, 2024 మార్చిలో ఆయనా కన్నుమూశారు.

ఇప్పుడు మన సంగతి.

అవ్వకు జవాబుగా మేము ముందు చెప్పదలచినది, నీ మనవడు చదివే చదువు మీ కడప జిల్లాలో రెండు వందల ఏళ్ల కిందటే నడిచిందమ్మా అని. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన సి.పి. బ్రౌన్, ఆ ఊళ్లో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, తాటాకు ప్రతులను తెప్పించి, పాఠాలు పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ పనిని దగ్గర ఉండి నడిపించాడు. చెదిరినదాన్ని సేకరించడం, పోల్చడం, వరుసలో పెట్టడం, అడిగినవాడికి అందించడం - సమాచార శాస్త్రం అంటే ఇదే. 1852లో నిఘంటువు అచ్చయినది. 1854లో ఇంకొకటి వచ్చింది, దాని సంగతి చాలామందికి తెలియదు. తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాలకు విడిగా కట్టిన మిశ్రభాషా నిఘంటువు అది. జవాబు, తారీఖు, వకీలు, జిల్లా, వసూలు, హాజరు, ఖరారు, మంజూరు, అసలు, నకలు - ఇవన్నీ అరబ్బీ పుట్టుక గలవే. కువైట్ విమానమెక్కక ముందే కడప రైతు నోట్లో ఎంత అరబ్బీ ఉన్నదో చూడండి. ఆ రైతు అనే మాట కూడా అక్కడిదే!

1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారు బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి పునాది వేశారు. పాతూరి నాగభూషణం గారు 1935లో పుస్తకాలను పడవలో ఎక్కించి కాలువ వెంట ఊళ్లకు పంపారు. ఆ సంవత్సరమే ఆంధ్ర విశ్వవిద్యాలయం గ్రంథాలయ శాస్త్రంలో డిప్లొమా పెట్టింది. ఇదంతా సమాచార విద్యే, పేరు మాత్రం అది కాదు.

భద్రిరాజు కృష్ణమూర్తి గారి పని మరీ దగ్గరిది. ఆయన సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వెలువడింది. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో. నాగలిలో ప్రతి ముక్కకు, మగ్గంలో ప్రతి పుల్లకు ఏ జిల్లాలో ఏమంటారో ఊరూరా తిరిగి రైతును, సాలెవారిని అడిగి వ్రాసుకున్నారు. ఇక్కడ మూసా గారు ధాతువులు లెక్కించిన ఏడు కూడా 1971 ప్రాంతమే. వారు గ్రంథంలోని మాటను యంత్రానికెక్కించారు, వీరు నోటిలోని మాటను కాగితానికెక్కించారు. రెండు చేతులూ కలవలసి ఉన్నది.

కలిసినవి కూడా. 1991లో యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. ఆ రోజుల్లోనే టెక్సాస్‌లోని రైస్ యూనివర్సిటీలో చదువుకుంటున్న మన విద్యార్థులు ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే పద్ధతి కల్పించారు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో తెలుగు లిపికి "గౌతమి" అని పేరు పెట్టారు, మన గోదావరి జిల్లాల వారు కాలరెగరేయవచ్చు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టినది కూడా అమెరికాలో ఉన్న తెలుగువారే. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలోను, 1998లో వెలసిన ట్రిపుల్ ఐటీలోను యంత్రానికి తెలుగు వ్యాకరణం నేర్పే పరిశోధన సాగింది. అరబ్బీ చిక్కు వేరు, మన చిక్కు వేరు. "రాలేకపోయినవాళ్లకు" అనేది మనకు ఒక్క మాట. అందులో రావడం, చేతకాకపోవడం, జరిగిపోవడం, మనుషులు, బహువచనం, విభక్తి అన్నీ ఒకదాని వెనుక ఒకటి రైలు పెట్టెల్లా తగిలించి ఉన్నవి. ఏ పెట్టె ఎక్కడ విప్పాలో యంత్రానికి చెప్పాలి. మన ఇళ్లల్లో పుట్టి పెరిగిన పిల్లలకు కూడా ఇప్పుడు అదే చెప్పవలసి వస్తున్నది.

కాగా, కువైట్ తెలుగు అని ఒకటి ఉన్నది. దానిని ఎవరు వ్రాసిపెడతారు? ఇక్కడ నలభై ఏళ్లుగా మనవాళ్లు మాట్లాడుతున్న మాటలు వినండి. ఆకామా కొట్టించుకోవాలి. కఫీల్ మంచోడు. ఖాదిమ్ వీసా మీద వచ్చి షూన్ వీసాకు మారాడు. మందూబ్ రాలేదు. బతాకా పోయింది. జమియాకు పోయి సామాను తేవాలి. అన్నింటికంటే తమాషా "మాఫీ" అనే మాట. మన ఊళ్లో అప్పు మాఫీ అంటే పండుగ. ఇక్కడ జీతం మాఫీ అంటే, ఈ నెల జీతం లేదని. పలుకు ఒకటే, పుట్టిల్లు రెండు. ఈ వాక్యాలు చేసినవారు పండితులు కారు. రాజంపేట, రాయచోటి, కోనసీమల నుంచి వచ్చిన డ్రైవర్లు, వంటవాళ్లు, ఇళ్లల్లో పనిచేసిన ఆడవాళ్లు. చాలామందికి వ్రాత రాదు. వారి ఉత్తరం కాసెట్టే. ఇంటిల్లిపాదీ టేపురికార్డరు చుట్టూ కూర్చుని తలా ఒక మాట చెప్పి, ఊరికి వెళ్లేవాళ్ల చేతికి ఇచ్చి పంపేవారు. ఇక్కడ రాత్రి పని ముగిశాక, తలుపు వేసుకుని, చెవి దగ్గర పెట్టుకుని వినేవారు.

కువైట్ సమాచార సమాజాన్ని గూర్చి వచ్చిన గ్రంథాల్లో ఈ కాసెట్లకు చోటు ఉండవలసినది. మేము చదివినంతలో కనబడలేదు. వ్రాయనివారిని తప్పు పట్టము. వారికి మన భాష రాదు, మన గదుల్లోకి వారు రాలేదు. వ్రాయవలసినది మన పిల్లలే. సేకరించి ఇవ్వవలసినది మనమే. కాసెట్టు రిబ్బను శాశ్వతం కాదు, అంటుకుపోతుంది, పొడి రాలుతుంది. వినే యంత్రాలు కూడా అరుదైపోయినవి.

అందుకని ఈ ఉత్సవం రోజున హాలు వెలుపల ఒక బల్ల వేయిస్తున్నాము. ఇంట్లో పాత కాసెట్లు, ఉత్తరాలు ఉన్నవారు తీసుకురావచ్చు. అక్కడికక్కడే నకలు తీసి అసలు తిరిగి ఇచ్చివేస్తాము. ఎవరి ఇంటి మాట వారిదే, వారు వద్దన్నది ఎవరికీ వినిపించము. రెండవ పని పదాల కార్డులు. ఒక కార్డు మీద ఒక మాట, ఎవరు అన్నారు, ఏ ఊరు, ఏ పనిలో వాడతారు. కృష్ణమూర్తి గారు రైతును అడిగినట్లే, మనం మన పిన్నిని, బాబాయిని అడగడమే.

ఈ పనికి మొదట చెయ్యి వేసినవాడు, తెలుగులో మాట దొరకక నవ్వి ఊరుకున్న ఆ మనవడే. వాళ్ల అవ్వ 1990లో బట్టల మూటలో ఆరు కాసెట్లు పెట్టుకుని అమ్మాన్ దాకా మోసింది. నగలు ఇక్కడే పోయినా అవి మాత్రం ఊరు చేరి, మళ్లీ ఆమెతో ఇక్కడకు వచ్చినవి. మొన్న సెలవులకు వచ్చిన కుర్రవాడు, చెవులకు యంత్రం తగిలించుకుని, ఒక్కొక్క మాట కార్డు మీదకు ఎత్తుతున్నాడు. అరబ్బీ మాటలు ఒక దొంతర, తెలుగు మాటలు ఒక దొంతర. ఒక కాసెట్టులో అవ్వ చెల్లెలు అంటున్నది: "ఉండక్కా, బోకులు తోమి వచ్చి మాట్లాడతా." వెనుక కోడి కూత, గిన్నెల చప్పుడు. కుర్రవాడికి "బోకులు" అర్థం కాలేదు. బా, వావ్, కాఫ్ అని అరబ్బీ నిఘంటువులో ఒక పూటంతా వెతికి, దొరకక, కార్డు మీద "అరబ్బీ, ధాతువు తెలియదు" అని వ్రాసి ఆ దొంతరలో పెట్టాడు. అవ్వ ఆ కార్డు చదివించుకుని, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎంతసేపు నవ్విందో! వంటింట్లోకి చెయ్యి పట్టుకుని తీసుకుపోయి గిన్నెలు, తపేళాలు చూపించింది. వాడు తిరిగి వచ్చి, "అరబ్బీ" అన్నది కొట్టివేసి, కింద "కడప" అని వ్రాసుకున్నాడు.